సాలగ్రామము - సముద్రగర్భము నుండి పూజాపీఠమునకు

శ్రీవైష్ణవుల తిరువారాధనమందును, మాధ్వుల దేవతార్చనయందును, స్మార్త గృహస్థుల పంచాయతన పూజయందును సాలగ్రామమునకు గల స్థానము సర్వవిదితము. తిరుమల శ్రీవారి మూలమూర్తికి అలంకరించు ఆభరణములలో సైతము సాలగ్రామ హారమున్నది. తాతముత్తాతల నాటి నుండి కోయిలాళ్వారులో వేంచేసియున్న ఆ నల్లని శిలకు ప్రతిదినము శంఖోదకముతో తిరుమంజనము జరుగును, తులసీదళము సమర్పింపబడును, ఆ తీర్థమును ఇంటిల్లిపాది స్వీకరింతురు. తరములు మారినను శిల మారదు.

నేడు ఆ ఇంటిలోని విద్యార్థి తన పాఠ్యగ్రంథములో ఒక బొమ్మను చూచుచున్నాడు. చుట్టలు చుట్టుకొన్న ఒక గుల్ల. దాని క్రింద అమోనైటు అను పేరు. కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రములో జీవించి నశించిన ప్రాణి యొక్క శిలాజమని వివరణ. ఆ బొమ్మకును పూజాపీఠమందలి చక్రమునకును గల పోలికను గమనించి, "ఇది దేవుడా? గుల్లయా?" అని అతడు అడిగినచో పెద్దలు కసరుట తగదు, తడబడుటయు తగదు. ఆ ప్రశ్నకు ఉత్తరము కలదు. దానిని తెలియుటకు ముందు శాస్త్రములు ఏమి చెప్పినవో, భూగర్భ విజ్ఞానము ఏమి చెప్పుచున్నదో వేరువేరుగా పరిశీలింపవలెను.

పురాణములు చెప్పిన కథ

దేవీభాగవత, బ్రహ్మవైవర్త పురాణములలో శంఖచూడుని భార్యయగు తులసి కథ కలదు. తన పాతివ్రత్యమునకు భంగము కలిగించిన శ్రీహరిని ఆమె శిలవు కమ్మని శపించినది. భగవానుడు ఆ శాపమును అంగీకరించి గండకీ తీరమున శిలారూపము దాల్చెను. తులసి దేహము గండకీ నదిగా ప్రవహించినది. ఆమె కేశములు తులసి మొక్కలైనవి. శంఖచూడుని అస్థికలు శంఖములైనవి. వజ్రమువంటి దంతములు గల కీటకములు గండకీ శిలలలో చొచ్చి చక్రములను తొలుచునని ఆ పురాణములు చెప్పును. వజ్రకీటమను పేరు అట్లు ప్రసిద్ధమైనది. శంఖములోని నీరు, తులసి దళము, సాలగ్రామ శిల - ఈ మూడును ఒకే కథలోనుండి వచ్చి ఒకే పీఠముపై కలసికొనుట గమనింపదగిన విశేషము.

శ్రీమద్భాగవతము పంచమస్కంధములో భరత చక్రవర్తి రాజ్యమును త్యజించి పులహాశ్రమమునకు పోయి తపస్సు చేసినట్లున్నది. అచ్చటి నది రెండు వైపుల చక్రాంకితములైన శిలలతో ఆశ్రమమును పావనము చేయుచుండెనని వర్ణన. తల్లి లేని లేడిపిల్లపై మమకారము పెంచుకొని ఆయన మరుజన్మలో లేడియై పుట్టి మరల ఆ తీరమునకే చేరెను.

అగ్ని, గరుడాది పురాణములు సాలగ్రామ లక్షణములను విస్తరించి చెప్పినవి. ఒక చక్రము గలది సుదర్శనము. రెండు చక్రములు గలది లక్ష్మీనారాయణము. ఇట్లు పెరిగి పది చక్రములు గలది దశావతారము. పండ్రెండునకు మించినచో అనంతము. రంగు, పరిమాణము, ద్వారము, నునుపు మున్నగు గుర్తులనుబట్టి నరసింహ, వామన, దామోదర, హిరణ్యగర్భాది నామములు ఏర్పడినవి. సాలగ్రామమునకు ప్రాణప్రతిష్ఠతో పని లేదు. ఆవాహన విసర్జనములు లేవు. స్వామి అందు స్వయముగా సన్నిహితుడై యుండునని ఆగమజ్ఞుల నిర్ణయము. శిల్పి చెక్కిన విగ్రహము భిన్నమైనచో పూజకు తగదు. సాలగ్రామము పగిలినను, చిట్లినను పూజార్హమే. ఉలి తాకని శిలకు ఉలి నియమములు వర్తింపవు.

గండకీ తీరము

సాలగ్రామములు లభించు నది నేపాల దేశమందలి కాళీగండకి. టిబెట్టు సరిహద్దునకు సమీపమున ముస్తాంగు ప్రాంతములో పుట్టి దక్షిణముగా ప్రవహించును. ఒక ప్రక్క 8,167 మీటర్ల ధవళగిరి, మరియొక ప్రక్క 8,091 మీటర్ల అన్నపూర్ణ. ఆ రెండు శిఖరముల నడుమ నది దాదాపు 5,500 మీటర్ల దిగువన పారుచున్నది. లోకమందలి అతిగంభీరములైన లోయలలో ఇది యొకటి. హిమాలయము పైకి లేచుటకు పూర్వమే ఈ నది కలదనియు, పర్వతము లేచినకొలది నది దానిని కోసికొనుచు తన మార్గమును నిలుపుకొన్నదనియు భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ఆ లోయకు తూర్పున, 3,700 మీటర్లకు పైబడిన ఎత్తున ముక్తినాథ క్షేత్రమున్నది. ఆళ్వారులు మంగళాశాసనము చేసిన 108 దివ్యదేశములలో సాలగ్రామ క్షేత్రముగా పెద్దలు దీనినే చెప్పుదురు. తిరుమంగై యాళ్వారు, పెరియాళ్వారు ఈ క్షేత్రమును కీర్తించిరి. ఆలయము వెనుక 108 ధారలు నిరంతరము ప్రవహించుచుండును. సమీపముననే జ్వాలామాయి సన్నిధిలో రాళ్ళ సందున, నీటి చెంతనే, భూమినుండి వెలువడు సహజవాయువు మండుచుండును. బౌద్ధులకును ఇది పుణ్యస్థలమే. ఇంకను ఉత్తరముగా, 4,800 మీటర్లకు పైన దామోదరకుండము కలదు. సాలగ్రామములకు అది పుట్టినిల్లని యాత్రికుల విశ్వాసము.

కాళీగండకి దేవఘట్టము వద్ద త్రిశూలితో కూడి నారాయణి యను పేరు పొందును. భారతదేశమున గండకి యని పిలువబడి బీహారులోని సోనపురమునొద్ద గంగలో కలియును. గజేంద్రుడు మకరిచే పట్టువడినది ఆ సంగమమందేనని అచ్చటివారి నమ్మకము. పోతనామాత్యుని గజేంద్రమోక్షమును కంఠస్థము చేసిన తెలుగువారికి ఈ నది ఆ విధముగను ఆత్మీయమే.

రాతిలో చక్రము ఏర్పడిన తీరు

హిమాలయములున్న చోట ఒకప్పుడు సముద్రముండెడిది. 1893లో ఎడ్వర్డు స్యూస్ అను భూగర్భ శాస్త్రవేత్త దానికి టెథిస్ అని పేరు పెట్టెను. దక్షిణమున భారత ఖండము, ఉత్తరమున ఆసియా. నడుమ ఆ సాగరము. దాని అడుగున, నేటికి సుమారు 16 కోట్ల నుండి 14 కోట్ల సంవత్సరముల క్రిందట, సన్నని నల్లని బురద పొరలు పొరలుగా పేరుకొన్నది. ఆ బురదయే గట్టిపడి నల్లని పలకరాయి యైనది. స్పితి లోయ నుండి నేపాలము వరకు ఇది కానవచ్చును గనుక స్పితి షేల్ అని దానికి పేరు.

ఆ సముద్రములో అమోనైటులు జీవించెడివి. ఇవి నేటి నత్తగుల్లలకంటె అష్టపాదులకు, స్క్విడ్‌లకు దగ్గరి బంధువులు. చుట్టచుట్టిన గుల్లలో అనేక గదులుండెడివి. ప్రాణి చివరి గదిలో మాత్రమే నివసించును. పెరిగినకొలది గుల్లను ముందునకు పొడిగించి, వెనుక గోడ కట్టి, విడిచిన గదిలోని నీటిని ఒక సన్నని నాళముద్వారా తోడివేయును. వాయువు నిండిన ఆ గదుల వలన అది నీటిలో తేలియాడుటకు వీలు కలిగెడిది. ప్రతి చుట్టయు ముందు చుట్టకంటె ఒకే నిష్పత్తిలో పెద్దది యగుటచే ఆకారము మారక పరిమాణము మాత్రము పెరిగెడిది. భక్తుడు చక్రమని దర్శించు ఆ క్రమము ఇట్లేర్పడినది.

ప్రాణి మరణించి బురదలో కూరుకొనిపోయినపుడు దాని దేహము కుళ్ళుటచే చుట్టునున్న బురదలో రసాయనిక మార్పులు కలిగెను. ఖనిజములు అచ్చట చేరి, గుల్లను మధ్యనుంచుకొని గట్టి గుండుగా బిగిసినవి. గుల్ల కరగిపోయినను దాని అచ్చు నిలిచినది. కొన్నింటిలో పైరైటు అను ఇనుప గంధక ఖనిజము నిండి బంగారమువలె మెరయును. గర్భమున బంగారు కాంతి గల శిలను హిరణ్యగర్భమని వ్యవహరించుట పూజకులకు తెలిసినదే.

సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట భారత ఖండము ఆసియాను తాకినది. సముద్రము మూసికొనిపోయి, దాని అడుగు పర్వతమై లేచినది. పలకరాయి మెత్తనిది, మంచు, గాలి, వాన దానిని పొడి చేయును. గుండ్లు గట్టివి, అవి విడివడి నదిలో పడును. నది వానిని దొర్లించి, ఒరపిడి పెట్టి నునుపు చేయును. ఎక్కడనో ఒక అంచు పగిలి లోపలి చుట్టలు కనబడును. అదియే ద్వారము. ముక్తినాథమున యాత్రికుడు అరచేత పట్టుకొను శిల ఒకనాడు సముద్రపుటడుగున నుండినదే. నేడది మేఘములను మించిన ఎత్తున లభించుచున్నది.

అమోనైటుల జాతి దాదాపు 40 కోట్ల సంవత్సరముల క్రిందట తలయెత్తి, 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట రాక్షసబల్లులతోపాటు సమసిపోయినది. తిరుమంజనమునకు ఉపయోగించు శంఖమును మొలస్కా అను ఆ మహావర్గమునకు చెందిన ప్రాణి కట్టిన గుల్లయే. శంఖము నేటి సముద్రమునుండి వచ్చినది. సాలగ్రామము గతించిన సముద్రమునుండి వచ్చినది. ప్రతి ఉదయమును అవి రెండును పూజాపీఠమున కలసికొనుచున్నవి.

దేశదేశములలో ఇదే శిల

ఈ శిలాజమును చూచి ఆశ్చర్యపడినవారు భారతీయులొక్కరే కారు. ఈజిప్టు దేశపు ఆమోన్ దేవతకు పొట్టేలు కొమ్ములుండును. ఈ చుట్టలు ఆ కొమ్ములను పోలియుండుటచే క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో రోము దేశీయుడగు ప్లినీ వీనిని ఆమోన్ కొమ్ములని వ్రాసెను. అమోనైటు అను నేటి పేరు అందుండి వచ్చినదే.

ఇంగ్లండులోని విట్బీ పట్టణమునొద్ద సముద్రతీరమున ఇవి విరివిగా దొరకును. ఏడవ శతాబ్దిలో అచ్చటి మఠమునకు అధిపతిగానుండిన హిల్డా అను సాధ్వీమణి పాములను రాళ్ళుగా మార్చినదని ఆ ప్రాంతీయుల కథ. పాములకు తలలు లేవేమని సందర్శకులు అడుగుచుండుటచే, అమ్మకందారులు రాళ్ళకు పాము తలలు చెక్కి అమ్మసాగిరి. తరువాతి కాలమున శాస్త్రజ్ఞులు ఒక అమోనైటు జాతికి ఆమె పేరనే హిల్డోసెరాస్ అని నామకరణము చేసిరి.

దక్షిణ భారతమునను అమోనైటులున్నవి. తమిళనాడులోని అరియలూరు ప్రాంతపు రాళ్ళలో అవి సమృద్ధిగా లభించును. భారత భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన ఫెర్డినాండు స్టోలిచ్కా 1860ల దశకములో వానిని పరిశీలించి వర్ణించెను. స్పితి లోయలో తిరిగి అచ్చటి శిలాజములను గూర్చియు వ్రాసెను. అయినను అరియలూరు గుల్లను ఎవరును సాలగ్రామమని పూజింపలేదు. ఆకారమొక్కటియే సాలగ్రామ లక్షణము కాదనియు, గండకీ క్షేత్ర సంబంధము అందు ముఖ్యమనియు దీనివలన స్పష్టమగుచున్నది.

విద్యార్థి ప్రశ్నకు సమాధానము

పురాణములోని వజ్రకీటము రాతిని తొలిచి లోనికి పోయినది. విజ్ఞానము చెప్పు ప్రాణి రాతిలోనికి పోలేదు. దాని చుట్టును రాయి ఏర్పడినది. ఈ రెండును ఒక్కటేయని చెప్పి పురాణమును విజ్ఞాన గ్రంథముగా చూపనక్కరలేదు. అట్లు చూపుట పురాణమునకు గౌరవమును కాదు, విజ్ఞానమునకు న్యాయమును కాదు. కాని ఒక్క విషయము గుర్తింపవలసియున్నది. ఆ చక్రము మనుష్యుని ఉలి పని కాదనియు, నీటి ఒరపిడి మాత్రమే కాదనియు, అందొక ప్రాణి చేయి కలదనియు పూర్వులు కన్నులార చూచి గ్రహించిరి. ఆ చూపు యథార్థమైనది.

ఇక దేవుడా, గుల్లయా అను ప్రశ్న. సాలగ్రామము రాయి కాదని ఏ ఆచార్యుడును చెప్పలేదు. శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యమున, సర్వవ్యాపియైన పరమాత్మను అల్పస్థానమందు ఉపాసించుటకు దృష్టాంతముగా సాలగ్రామమందు హరిని పేర్కొనిరి. విశిష్టాద్వైత సంప్రదాయమున అర్చారూపము భగవంతుని సౌలభ్య గుణమునకు పరాకాష్ఠ. ఆయన మత్స్యముగా, కూర్మముగా, వరాహముగా వచ్చినపుడు ఆ దేహములు తక్కువవని ఎవరును అనలేదు. గుల్లను, రాతిని, నీటిని ఆయన తన సన్నిధికి తగిన చోటుగా గైకొనినచో అందు తక్కువదనమేమున్నది? తీర్థములోని నీరు ఏ ఏ వాయువుల కలయికయో తెలిసికొన్న విద్యార్థి తీర్థమును మానుటలేదు. రాతి చరిత్ర తెలిసినచో రాతియెడ ఆశ్చర్యము పెరుగును. ఆశ్చర్యము భక్తికి శత్రువు కాదు. "గుల్లయే నాయనా; పదునైదు కోట్ల ఏండ్లనాటి గుల్ల. అందు స్వామి వేంచేసియున్నాడు" అని పెద్దలు చెప్పినచో అబద్ధమును లేదు, అపచారమును లేదు.

వెల లేని శిల

సాలగ్రామమునకు వెల కట్టరాదని, కొనుటయు అమ్ముటయు దోషమని పురాణములు గట్టిగా నిషేధించినవి. కొనువాడు, అమ్మువాడు మాత్రమే గాక, వెల నిర్ణయించువాడును పాపభాగియే. తండ్రి నుండి కుమారునకు, గురువు నుండి శిష్యునకు, యాత్రికుని నుండి ఆప్తునకు దానముగా సంక్రమించుటయే మార్గము. సంఖ్యకును నియమము కలదు: సమసంఖ్య శ్రేష్ఠము, అందు రెండు కూడదు, బేసిసంఖ్య కూడదు, అందు ఒకటి శ్రేష్ఠము. ఒక్క శిల ఉన్నను పూజ సంపూర్ణమే.

ఈ నియమములోని లోకహితమును నేడు సులభముగా గ్రహింపవచ్చును. అమోనైటు జాతి నశించినది. కొత్త గుల్ల ఇక పుట్టదు. నది కొండను కోసి ఇచ్చునంతయే లభ్యము. వెల ఏర్పడిన వస్తువునకు వేట ఏర్పడును; ఆపై నకిలీ ఏర్పడును. విట్బీలో రాతికి పాము తలలు చెక్కినట్లే, నేడు అంగళ్ళలో యంత్రముతో చక్రములు చెక్కిన రాళ్ళు, పోతపోసిన రాళ్ళు సాలగ్రామములను పేర అమ్మబడుచున్నవి. పెద్ద వెలకు కొని మోసపోయిన భక్తుడు శాస్త్రము చెప్పిన మొదటి మాటను విస్మరించినవాడే.

సాలగ్రామారాధనము మితవ్యయమునకు మాదిరి. దానికి కావలసినది ఉద్ధరిణెలతో కొలిచిన నీరు, పెరటి తులసి, వండిన అన్నము. తిరుమంజన జలము వ్యర్థము కాదు. తీర్థమై అందరకు చేరును. తులసిని ద్వాదశినాడు కోయరాదు, సూర్యాస్తమయానంతరము కోయరాదు, దళము లేనిచో ముందు సమర్పించిన దళమునే కడిగి మరల సమర్పింపవచ్చును. మొక్కకు విశ్రాంతి, నీటికి గౌరవము, వస్తువునకు దీర్ఘాయువు - ఈ మూడును ఆ చిన్న పూజలో ఇమిడియున్నవి.

నదికి కలిగిన ఇక్కట్టు

గండకీ నది స్థితి నేడు నిశ్చింతగా లేదు. ముస్తాంగు ఎగువ ప్రాంతమున హిమపాతము తగ్గి, ఊటలు ఇంకిపోయి, సామ్‌జోంగు, ధే వంటి గ్రామముల ప్రజలు నీటికై తమ ఊళ్ళను విడిచి వేరుచోటులకు తరలవలసివచ్చినది. వేరొకప్పుడు అదే ప్రాంతమున వాన విరుచుకొనిపడును. 2023 ఆగస్టులో ముక్తినాథమునకు త్రోవలోనున్న కాగ్‌బేని గ్రామమును ఆకస్మికముగా బురద వరద ముంచెత్తినది. దిగువన 2002లో 144 మెగావాట్ల కాళీగండకి-ఏ జలవిద్యుత్ కేంద్రము పనిచేయ నారంభించినది. విద్యుత్తు ప్రజలకు అవసరమే. కాని ఆనకట్ట నీటితోపాటు రాళ్ళను, కంకరను, ఒండ్రును సైతము నిలుపును. రాళ్ళను దొర్లించుటయే సాలగ్రామము వెలువడు విధానమగుటచే, నది నడకకు కలుగు ప్రతి అడ్డంకియు ఆ విధానమునకు అడ్డంకియే యగును.

ముక్తినాథ యాత్రికుడు ఇందు చేయగల మేలు కొంత కలదు. సంచుల నిండ రాళ్ళు ఏరి తెచ్చుకొనుట యాత్రాఫలము కాదు. నదిలో స్నానమాడి, శిలలను దర్శించి, నదికే విడిచి వచ్చినను పుణ్యమునకు లోటు లేదు. ప్లాస్టిక్ సీసాను, పొట్లపు కాగితమును ఆ తీరమున విడువక తిరిగి తెచ్చుట నదికి చేయు చిన్న కైంకర్యము.

గృహస్థుని కర్తవ్యము

సాలగ్రామము ఇంట నున్నవారి కర్తవ్యము సులభమైనది. ఆ శిల ఎవరి నుండి వచ్చినదో, ఎన్ని తరములుగా ఆరాధన జరుగుచున్నదో తెలిసినంతవరకు వ్రాసి సంపుటముతోపాటు ఉంచవలెను. పిల్లలకు పూజావిధానముతోపాటు శిలాచరిత్రమును చెప్పవలెను. నిత్యారాధనము జరుపలేని స్థితి ఏర్పడినచో అటకమీద మరచిపోవుటయు, అమ్ముటయు, చెరువులో వదలుటయు వలదు. నియమముగా ఆరాధించు ఆప్తునకు గాని, మఠమునకు గాని, దేవాలయమునకు గాని సవినయముగా సమర్పింపవలెను. అట్లు సమర్పించుటయు సంప్రదాయసిద్ధమైన దానమే.

కోట్ల సంవత్సరములు సముద్రపుటడుగున, కోట్ల సంవత్సరములు పర్వతగర్భమున, ఎంతో కాలము నదీప్రవాహమున నుండి ఆ శిల ఇల్లు చేరినది. ఆ దీర్ఘయాత్రలో ఒక కుటుంబము దానిని కాపాడు కాలము కన్నుమూసి తెరచినంత. ఆ కొద్దికాలము తన వంతుగా లభించినందుకు గృహస్థుడు కృతజ్ఞుడై, అందుకొన్న శిలను అట్లే తరువాతివారి చేతికి అందించినచో శ్రీమన్నారాయణుని కైంకర్యమును, ప్రకృతిమాత ఋణమును ఒక్కసారిగ తీర్చినవాడగును.